రోనమ్మ మోచెయ్యి

రండి, రండి. దగ్గరగా జరగండి. వెనకాల కూర్చుంటే కథ సగమే అందుతుంది, మిగతా సగం ముందువాళ్ళ జుట్టులో చిక్కుకుపోతుంది. చాప చాలకపోతే ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చోండి. ఆ మూల అటుకులు నములుతున్న బాబూ, నువ్వు కూడా రా నాయనా, ఇక్కడ కూర్చుని నములు.

ముందు నీళ్ళతల్లికి దణ్ణం పెట్టుకుందాం. గోదారమ్మ అన్నా, కృష్ణమ్మ అన్నా, మనకి నోరు తిరగని పేరుతో ఎవరో ఎక్కడో పిలుచుకున్నా, పారే నీళ్ళన్నీ ఆ తల్లి చేతులే. భగవంతుడు కొండలు పేర్చాడు. కొండల నెత్తిన మంచు పోశాడు. ఆ మంచు కరిగే చోట ఒక్కో ఆడపిల్లని వదిలాడు. ఇవాళ్టి కథ అలాంటి ఒక పిల్లది.

ఆ పిల్లది మన దేశం కాదు. చాలా దూరాన, ఐరోపా నడిమధ్యలో, ఆల్ప్స్ అని కొండలున్నాయి. మన హిమాలయాల ముందు పొట్టివే గానీ, పొగరులో ఏమీ తక్కువ కాదు. ఆ కొండల్లో పుట్టిన నది పేరు రోన్. మనం రోనమ్మ అందాం.

పటం మీద వేలు పెట్టి ఈ రోనమ్మ వెంట నడిస్తే ఒక వింత కనబడుతుంది. కొండల మధ్య పడమటివైపు తిన్నగా పోతున్న నది, ఒకచోట ఠక్కున కుడిచేతికి తిరిగి ఉత్తరానికి వెళ్ళిపోతుంది. సరిగ్గా మోచెయ్యి మడిచినట్టు ఉంటుంది. ఆవిడ చేరాల్సిన సముద్రమేమో దక్షిణాన ఉంది. మరి ఉత్తరాన ఏం పని?

చెప్తాను వినండి.

ఒకప్పుడు రోనమ్మకి ఆ మోచెయ్యి లేదు. ఆ మాటకొస్తే దారే లేదు. పుట్టింట్లో ఆడుకునే పిల్ల. కొండల నడుమ పొడుగ్గా ఒక లోయ ఉండేది. ఆ లోయే ఆమెకి వసారా, అదే పెరడు. తూర్పు చివర నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి పడమటి చివర కొండ పాదాలకి ఢీకొట్టి, నవ్వుకుంటూ వెనక్కి పోయేది.

ఆ ఇంటికి పెద్ద దిక్కు మంచవ్వ. తూర్పు కొండ నెత్తిన వెయ్యేళ్ళుగా కదలకుండా కూర్చున్న మంచు ముద్ద. కదలకుండా అన్నానా? తప్పు. రోజుకి జానెడు కదిలేది. ఆ కదలడం కూడా ఎందుకంటే, ఆవిడ కింద తిరగలి ఉంది. పొద్దస్తమానం గరగరమంటూ రాళ్ళు విసురుతూ ఉండేది. పాపం, మంచవ్వకి తెలిసిన ధాన్యం రాయి ఒక్కటే. నల్లరాయి వేసినా, ఎర్రరాయి వేసినా, పిండి మాత్రం పాలలా తెల్లగా వచ్చేది. ఆ పిండి చూసుకుని ఆవిడకి ఎంత గర్వమో. ఇంత మెత్తటి పిండి ఏ ఇంట్లో ఉంది చెప్పవే అని మనవరాలిని రోజూ అడిగేది.

ఆ లోయలో ఒక ఇబ్బంది ఉండేది. మబ్బులు వచ్చేవి, కానీ ఇటు కొండలూ అటు కొండలూ దారిలోనే వాటిని పట్టుకుని పిండేసుకునేవి. లోయకి చేరేసరికి ఉత్తి గుడ్డే మిగిలేది. రోనమ్మ అడుగున ఉంది, ఊళ్ళేమో పైన ఎండ తగిలే గట్ల మీద ఉన్నాయి. అడుగున ఉన్నదంతా బురద, రెల్లు. అక్కడ ఎవరూ కాపురం ఉండేవాళ్ళు కాదు.

అందుకని ఆ ఊళ్ళవాళ్ళు ఒక ఉపాయం చేశారు. పైన ఎక్కడో మంచు కరిగే వాగు నుంచి చెక్క కాలువ కట్టుకున్నారు. మామూలు కాలువ కాదు. నిట్టనిలువు కొండ చరియకి దూలాలు దిగ్గొట్టి, వాటి మీద పలకలు పరిచి, గాలిలో వేలాడదీసిన కాలువ. దాని పక్కనే ఒక్క కాలు పట్టే చెక్క దారి. కింద చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఆ కాలువలో నీళ్ళు వస్తేనే బార్లీ పండుతుంది, లేకపోతే ఆ ఏడాది రొట్టె లేదు.

మరి అంత దూరాన నీళ్ళు వస్తున్నాయో ఆగిపోయాయో ఊళ్ళో కూర్చున్నవాళ్ళకి ఎలా తెలుస్తుంది? దానికీ ఒక ఉపాయం ఉంది. కాలువలో చిన్న చక్రం పెట్టారు. చక్రానికి ఒక చెక్క సుత్తి తగిలించారు. నీళ్ళు పారినంతసేపూ చక్రం తిరుగుతుంది, సుత్తి లేచి పలక మీద పడుతుంది. టక్. టక్. టక్. ఆ చప్పుడు వినబడుతుంటే అంతా క్షేమం. ఆగిందంటే ఎక్కడో పలక పగిలినట్టు, లేదా రాయి అడ్డం పడినట్టు. అప్పుడు కాలువ కాపరి లేచి పరుగెత్తాలి.

ఆ కాలువ కాపరి పేరు ఫిలొమీన్. అరవై ఏళ్ళ మనిషి. ఎండుగడ్డి పోచలా ఉంటుంది గానీ నోరు మాత్రం సన్నికల్లు. భర్త కూడా కాలువ కాపరే. ఆయన పోయాక, ఆడదానికి ఈ పని ఎందుకని ఊరి పెద్దలు అంటే, నా మొగుడికి ఒక చెవి వినబడేది కాదు, ఇరవై ఏళ్ళుగా సుత్తి విన్నది నేనే కదా అని వాళ్ళ నోరు మూయించింది.

ఫిలొమీన్‌కీ రోనమ్మకీ మంచి జత. ఒకరు పైన చరియ మీద, ఒకరు కింద లోయలో. రోజూ కేకలేసుకుని మాట్లాడుకునేవాళ్ళు. రోనమ్మ ఆమెని అత్తా అనేది. ఆమె రోనమ్మని బురద కాళ్ళదానా అనేది. రోనమ్మ ఆటలన్నీ ఆ సుత్తి చప్పుడుకే. ఆ తాళానికే గెంతేది, దానికే అలిసి పడుకునేది.

ఇలా ఉండగా, ఒక రోజు దక్షిణాన ఉన్న మధ్యధరా సముద్రుడి దగ్గర్నుంచి ఒక మబ్బు కబురు తెచ్చింది. మీ పిల్లని మా ఇంటికి పంపించండి అని.

మంచవ్వ గరగర ఆపింది. వెయ్యేళ్ళలో అదే మొదటిసారి ఆపడం. పెద్ద మనవరాలు రైన్‌ని అప్పటికే ఉత్తర సముద్రానికి ఇచ్చి పంపింది. ఇక ఇంట్లో మిగిలింది ఇదొక్కతే. పంపాలంటే ప్రాణం ఒప్పదు. పంపకపోతే ఏమవుతుందో కూడా ఆవిడకి తెలుసు. పారని నీరు పాచి పడుతుంది. సముద్రం చేరని పిల్ల ఆ లోయలోనే నిలవ నీరై, దోమలకి ఊయలై, ఒకనాటికి ఎండిపోతుంది.

కానీ దారి? పడమటి చివర తెల్లకొండ తాత అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఆ కొండల్లోకెల్లా పొడుగైన ముసలాయన. నెత్తి నిండా తెల్లటి మంచు.

మంచవ్వ కబురంపితే తాత చాలాసేపు ఆలోచించాడట. ఆడపిల్ల ప్రయాణం, కాదనకూడదు, ఒక కాలు ఎత్తి నిలబడతాను, పిల్లని కింద నుంచి పొమ్మను అన్నాడు. అయితే ఒక మాట కూడా చెప్పాడు. పొద్దు నా ఎడమ భుజం మీద వాలేదాకే నిలబడగలను. ముసలి మోకాలు. ఒకసారి దించానంటే మళ్ళీ ఎత్తే ఓపిక ఈ జన్మలో లేదు.

నవ్వకండర్రా. మీరు ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడగలరు? కొండకి ఇంకా కష్టం.

ప్రయాణం రోజు వచ్చింది. మన ఇళ్ళల్లో ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు ఒడి నింపుతారు చూశారా, బియ్యం, పసుపు, పళ్ళు పోసి? మంచవ్వ కూడా అలాగే మనవరాలి ఒడి నింపింది. ఆవిడ దగ్గర ఉన్నదేమిటి? రాతి పిండి. దోసిళ్ళకి దోసిళ్ళు పోసింది. ఒడి బరువెక్కింది. రోనమ్మ నీళ్ళన్నీ పాలలా తెల్లబడ్డాయి.

"అత్తారిల్లు చేరేదాకా ఒడి దించకు," అంది మంచవ్వ. "బయలుదేరాక వెనక్కి తిరగకు. పొద్దు వాలకముందే తాత కాలు దాటు. దాటలేకపోతే సముద్రం మొహం చూడవు తల్లీ."

రోనమ్మ అవ్వ కాళ్ళకి దణ్ణం పెట్టి కదిలింది.

సరిగ్గా అదే రోజు పైన ఊళ్ళో పండగ. అక్కడ ఏటా ఎండాకాలం మొదట్లో ఆవుల్ని కొండపై పచ్చికకి తోలుకుపోతారు. పొట్టి నల్లటి ఆవులు, ఒళ్ళంతా కండ. పైకి వెళ్ళగానే కొమ్ములు కలిపి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అన్నిటినీ తోసేసిన ఆవు ఆ ఏడాది మందకి రాణి. మెడలో బిందెలంత గంటలు. ఊరంతా, చంటిపిల్లల దగ్గర్నుంచీ మంచం పట్టిన ముసలివాళ్ళ దాకా, ఆ పోటీ చూడ్డానికి పైకి వెళ్ళిపోతారు.

ఫిలొమీన్ ఆవు పేరు బిజూ. ఆ ఏడాది రాణి అయ్యేది అదేనని అందరూ అనుకున్నారు. మరి ఫిలొమీన్ వెళ్ళలేదేం? ఇరుగుపొరుగు అడిగితే ఆమె ఏమందంటే, నేను కనబడితే బిజూ పోటీ మధ్యలో వదిలేసి ఉప్పు నాకడానికి నా దగ్గరికొస్తుంది, నా మొహం చూసి అది ఓడిపోవడం నాకిష్టం లేదు అంది. అదీ ఆమె లెక్క. ఊరు పైకి పోయింది. ఆమె ఒక్కతే సుత్తి దగ్గర మిగిలింది.

కింద లోయలో రోనమ్మ వెళ్తుంటే ఫిలొమీన్ చరియ మీద నుంచి చూసింది. పిండి ఒళ్ళో పోసుకుని, తెల్లగా, తల వంచుకుని పోతోంది.

"ఏమే బురద కాళ్ళదానా, ఈవేళ మొహం కడిగావా ఏమిటి?" అని అరిచింది.

రోనమ్మ నవ్వింది గానీ తల ఎత్తలేదు. ఎత్తితే ఏడుపొస్తుందని భయం. ఫిలొమీన్ ఇంకేదో వెక్కిరించబోయి, మానేసి, చెయ్యెత్తి దీవించింది.

రోనమ్మ ముందుకి సాగింది. వెనక నుంచి టక్, టక్, టక్. పుట్టింటి చప్పుడు సాగనంపుతున్నట్టు ఉంది. దూరాన తెల్లకొండ తాత అప్పటికే ఒక కాలు ఎత్తి నిలబడ్డాడు. ఆ కాలి కింద నుంచి అవతలి ఆకాశం కనబడుతోంది. అటువైపు దిగితే దక్షిణం. మధ్యాహ్నం దాటింది, అయినా ఇంకా వేళ ఉంది. రోనమ్మ అడుగు పెంచింది.

టక్. టక్.

తర్వాత ఏమీ లేదు.

రోనమ్మ ఆగిపోయింది. మామూలుగా సుత్తి ఆగితే, మూడు ఊపిరులు పీల్చి విడిచేలోగా ఫిలొమీన్ తిట్లు వినబడతాయి. పలకని తిడుతుంది, రాయిని తిడుతుంది, పోయిన మొగుణ్ణి కూడా తిడుతుంది. ఈసారి తిట్లు లేవు. పైన పచ్చికలో మాత్రం గంటలు గణగణమంటున్నాయి. వందల గంటలు. ఆ మోతలో సుత్తి ఆగిన సంగతి ఊళ్ళో ఒక్కరికీ తెలియలేదు. ఎలా తెలుస్తుంది? చప్పుడైతే వినబడుతుంది, చప్పుడు లేకపోవడం వినాలంటే దానికి అలవాటు పడిన చెవి కావాలి. ఆ వేళ ఆ లోయలో అలాంటి చెవి ఒక్క రోనమ్మకే ఉంది.

ఎవరో ఒకరు వెళ్తారులే అనుకుంది. ఒక అడుగు వేసింది. ఎవరూ వెళ్ళలేదు. ఇంకో అడుగు వేసింది. కాలు పడలేదు.

ఎదురుగా తాత మోకాలు వణుకుతోంది. పొద్దు భుజం వైపు జారుతోంది.

వెనక్కి తిరగకూడదని అవ్వ చెప్పింది. మరి తిరక్కుండా వెనక ఉన్న మనిషి దగ్గరికి ఎలా వెళ్ళడం? రోనమ్మ చిన్నపిల్లే గానీ తెలివైన పిల్ల. తిరగకు అంది అవ్వ, కూర్చోకు అనలేదు కదా అనుకుంది.

లోయకి అడ్డంగా, మోకాళ్ళు ముడుచుకుని, అక్కడే కూర్చుంది.

నది కూర్చుంటే ఏమవుతుంది? ముందు నీరు ఆగుతుంది. వెనక నుంచి వచ్చే నీరు వచ్చి చేరుతూనే ఉంటుంది. నీరు లేస్తుంది. రెల్లు మునిగింది. గుట్టలు మునిగాయి. రోనమ్మ పెరిగింది. ఒక చేత్తో ఒడి పట్టుకుని, రెండో చెయ్యి చరియకి ఆనించి, మెల్లమెల్లగా పైకి లేచింది. పొద్దు కూడా మెల్లమెల్లగా కిందికి దిగింది. ఒకటి లేస్తుంటే ఒకటి దిగుతోంది. ఎవరికోసం ఎవరు ఆగుతారు?

చరియ సగం దాకా వచ్చేసరికి ఫిలొమీన్ కనబడింది.

జరిగిందేమిటంటే, కాలువ పలక ఒకటి పగిలింది. బాగుచేయడానికి వెళ్ళిన ఫిలొమీన్ మీదికి పైనున్న దూలం జారింది. కాలు దూలానికీ రాతికీ మధ్య ఇరుక్కుంది. కాళ్ళ కింది దారి చెక్కలు ఊడి పడిపోయాయి. రెండు చేతులతో ఒక మేకు పట్టుకుని వేలాడుతోంది. వేళ్ళు తెల్లబడ్డాయి. అరవడానికి ఊపిరి లేదు. అరిచినా వినేవాళ్ళు లేరు.

రోనమ్మని చూడగానే ఆమె మొహం కోపంతో ఎర్రబడింది.

"నువ్వా? నీ ప్రయాణం ఏమైందే?"

"సుత్తి ఆగింది అత్తా."

"ఆగితే నీకెందుకు? పొద్దు చూడు ఎక్కడుందో. పో, దాటిపో."

"పోతాను. నా భుజం మీద కాలు పెట్టు ముందు."

ఫిలొమీన్ ఇంకా తిడుతూనే ఉంది. రోనమ్మ వినిపించుకోకుండా ఇంకో మూర లేచింది. దూలం చెక్కది కదా. నీళ్ళు తగలగానే తేలింది. కాలు విడిపోయింది. రోనమ్మ ఆమెని చంటిబిడ్డలా భుజం మీదికి తీసుకుని గట్టిగా ఉన్న దారి మీద దించింది.

దించగానే ఆ మనిషి ఏం చేసిందనుకుంటున్నారు? కాలు చూసుకుందా? లేదు. కుంటుకుంటూ పగిలిన పలక దగ్గరికే పోయింది. ఇవాళ నీళ్ళు రాకపోతే బార్లీ గింజ పట్టదు అంది. పలక తిరిగి అమర్చింది, కానీ సందులోంచి నీరు కారిపోతోంది. నాచు కుక్కింది, ఆగలేదు. బంకమట్టి ఉంటే బాగుండేది, అంత ఎత్తున బంకమట్టి ఎక్కడిది?

రోనమ్మ తన ఒడి వైపు చూసుకుంది. దించకూడదు అంది అవ్వ. పుట్టింటి పిండి. అందులో ఒక పిడికెడు తీస్తే అత్తారింట్లో ఒడి వెలితిగా కనబడుతుంది, ఇదేనా మీ అవ్వ పెట్టింది అంటారు. అయినా తీసింది. ఒక పిడికెడు కాదు, రెండు. ఫిలొమీన్ దాన్ని నాచుతో కలిపి సందులో మెత్తింది. రాతి పిండి, రాతిలాగే పట్టుకుంది.

చక్రం కదిలింది. టక్.

అప్పుడు ఇద్దరూ పడమటికి చూశారు. పొద్దు తాత భుజం మీద లేదు. భుజం వెనక్కి వెళ్ళిపోయింది.

"పరుగెత్తవే తల్లీ," అంది ఫిలొమీన్. ఆమె నోట తల్లీ అన్న మాట అదే మొదటిసారి.

రోనమ్మ లేచి పరుగెత్తింది. అంత పరుగు ఆ లోయ ఎన్నడూ చూడలేదు. గుండ్లు దొర్లాయి, చెట్లు వంగాయి. తాత పాదం దగ్గరికి వెళ్ళేసరికి ఏముంది? గోడ. కాలు కిందికి దిగిపోయింది. చుట్టూ అప్పుడే రాలిన రాళ్ళు ఇంకా దుమ్ము రేపుతున్నాయి.

తాతకి కోపం లేదు. ముసలాయన కళ్ళు నీళ్ళతో నిండాయి.

"ఆగాను తల్లీ. పొద్దు దిగాక కూడా ఆగాను. చూడు, నా మోకాలి మీద రాళ్ళన్నీ ఊడిపోయాయి. ఇక నా వల్ల కాలేదు."

రోనమ్మ ఆయన పాదానికి నుదురు ఆనించింది. వెనక్కి తిరగడానికి లేదు. ముందుకి పోవడానికి లేదు. ఇక్కడే నిలిచిపోతే పాచి పట్టే బతుకే. కుడివైపు చూస్తే ఒక సన్నటి సందు కనబడింది. రెండు పెద్ద బండలు మొహాలు దగ్గరపెట్టి గుసగుసలాడుకుంటున్నట్టు ఉన్నాయి. ఆ సందు ఉత్తరానికి పోతుంది. అంటే సముద్రానికి వీపు పెట్టి వెళ్ళడం.

నిలబడ్డ నీటికంటే దారి తప్పిన నీరు నయం. దేవుడిదే భారం అనుకుని కొంగు బిగించి కుడికి తిరిగింది. ఇవాళ మార్తిన్యీ అనే ఊరు ఉన్నది అక్కడే.

బండల సందులో ఒళ్ళు గీసుకుపోయింది. ఏడ్చుకుంటూ నడిచింది. ఒడి బరువు నడుము లాగేస్తోంది. అక్క రైన్ వెళ్ళింది ఉత్తరానికి, నేనూ ఉత్తరానికే పోతే నా కోసం దక్షిణాన కూర్చున్న ఆయనకి ఏం చెప్పాలి అనుకుంటూ నడిచింది. అలా నడిచి నడిచి ఒక పెద్ద సరస్సు దగ్గరికి చేరింది.

ఆ సరస్సు పేరు లెమాన్. నెలవంకలా వంగి, కొండల నీడలో నిదానంగా పడుకుని ఉంటుంది. ఊళ్ళో పెద్దమ్మలుంటారు చూడండి, ఎవరు ఏడుస్తూ వచ్చినా ముందు ఏమైందని అడక్కుండా మంచినీళ్ళిచ్చేవాళ్ళు, అలాంటి మనిషి. రోనమ్మని చూసి, రా అమ్మా, ఒడి దించి కూర్చో అంది.

రోనమ్మ ఒడి ఇంకా గట్టిగా పట్టుకుంది. దించకూడదు పెద్దమ్మా, ఇది మా అవ్వ విసిరిన పిండి, మా అత్తారింటికి అంది. జరిగినదంతా చెప్పింది. రెండు పిడికిళ్ళు వెలితి పడిందని కూడా దాచకుండా చెప్పింది.

లెమాన్ పెద్దమ్మ రాతి పిండి వైపు చూసింది. ఉప్పునీళ్ళ సముద్రుడు రాతి పిండితో ఏం చేసుకుంటాడని ఆమె అడగలేదు. వేలితో కొంచెం తీసి చూసి, ఎంత మెత్తగా విసిరిందమ్మా మీ అవ్వ అంది.

ఆ మాటతో రోనమ్మ బావురుమంది.

"నా దగ్గర దాచు," అంది పెద్దమ్మ. "మీ అవ్వ ఎప్పుడు పంపినా తెచ్చి నా ఒళ్ళో పొయ్యి. పుట్టింటికీ అత్తారింటికీ నడుమ నీకు ఇదొక ఇల్లు. చేతులు ఖాళీ చేసుకుని వెళ్ళు, దారి చాలా దూరం."

రోనమ్మ ఒడి విప్పింది. పిండి మెల్లగా సరస్సు అడుగుకి దిగింది. దాని వెంటే తనూ దిగి పెద్దమ్మ ఒళ్ళో పడుకుంది. ఎన్నాళ్ళు పడుకుందో ఆ దేవుడికే తెలియాలి. లేచేసరికి ఒళ్ళు నీలాకాశంలా మెరిసిపోతోంది. అడుగున గులకరాళ్ళు కూడా కనబడుతున్నాయి.

పెద్దమ్మ దారి చెప్పింది. జెనీవా ఊరి పక్క నుంచి బయటికి పో. ముందు పడమటికి. సోన్ అని ఒక నెమ్మదైన నది కలుస్తుంది. ఆమె చెయ్యి పట్టుకుని దక్షిణానికి తిరుగు. వెనక నుంచి మిస్త్రాల్ అని ఒక గాలి తోస్తుంది, మొరటుది గానీ మంచిది, భయపడకు. చెప్పినట్టే జరిగింది. గాలి వీపు మీద చెయ్యేసి ఒకటే తోపు.

చివరికి ఉప్పు వాసన వచ్చింది. దూరాన నీలంగా సముద్రుడు కనబడ్డాడు.

అక్కడ రోనమ్మ మళ్ళీ ఆగింది. ఎంత ఆలస్యమో. పైగా ఖాళీ ఒడి. దాచుకునే పిల్ల కాదు కదా. రెండు చేతులూ చాపి, రెండు అరచేతులూ విప్పి చూపించింది. ఏమీ తేలేదండీ అంది.

సముద్రుడు ఆ చేతుల్లోకి చూడనే లేదు.

"ఇన్నాళ్ళూ నీ అడుగుల చప్పుడు వింటూ కూర్చున్నాను," అన్నాడు. "ఒకచోట ఆగిపోయింది. నేను లేచి వస్తే ఊళ్ళు మునుగుతాయి. అందుకని ఊరికే చెవొగ్గి కూర్చున్నాను. మళ్ళీ మొదలైంది. అది చాలు నాకు. దా."

ఏ పిల్లకి ఏ మనసున్నవాడు తగినవాడో చూసి ముడి వేస్తాడు భగవంతుడు. ఆయన లెక్క తప్పదు.

అప్పటినుంచే రోనమ్మ తెల్లకొండ పాదం దగ్గరికి రాగానే మోచెయ్యి మడిచినట్టు కుడికి తిరుగుతుంది. అప్పటినుంచే లెమాన్ సరస్సులోకి పాలలా తెల్లగా వెళ్ళి, అవతలి వైపు నీలంగా, తేటగా బయటికొస్తుంది. మంచవ్వ ఇప్పటికీ విసురుతూనే ఉంది, పిల్ల ఇప్పటికీ మోస్తూనే ఉంది, ఏ ఏటి పిండి ఆ ఏడు పెద్దమ్మ ఒళ్ళో పోస్తూనే ఉంది. అప్పటినుంచే సముద్రం దగ్గర ఆవిడ రెండు పాయలై చేతులు చాపుతుంది.

నాయనలారా, తల్లులారా, మోచెయ్యి మర్చిపోయినా ఫరవాలేదు. రోనమ్మ చేసిన ఒక్క పని గుర్తుపెట్టుకోండి. రోజూ వినబడే చప్పుడు ఒకటి ఆగితే, ఎవరో ఒకరు వెళ్తారులే అని ముందుకి పోలేదు. మీ పక్కింట్లో రోజూ పొద్దున్నే దగ్గే తాతగారుంటారు. ఎదురింట్లో రేడియో పెట్టుకునే మామ్మగారుంటారు. బడిలో మీ వెనక బల్ల మీద కూర్చుని గొణిగే పిల్ల ఉంటుంది. ఒక రోజు ఆ దగ్గు, ఆ రేడియో, ఆ గొణుగుడు వినబడకపోతే, మీ పని ఎంత తొందరదైనా సరే, వెళ్ళి తలుపు కొట్టి ఏమైందండీ అని అడగండి. ఒక్కసారి చేసి ఊరుకోకండి. ఆగినప్పుడల్లా వెళ్ళండి.